పిన్ని చేతికి సరిపడే కంట్రోలర్

బ్రాడీపేట, గుంటూరు
2 ఫిబ్రవరి 2025

రెబ్కా పిన్నికి,

కీర్తన వందనాలు. క్షేమంగా చేరాను. గోంగూర పచ్చడి డబ్బా మూత సరిగ్గా పట్టలేదు, నా తెల్ల చున్నీకి నూనె మరకైంది. ఉతికితే పోయింది. మూత పెట్టింది బాబాయే అయినా ఏమీ అనకు.

ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని నా రూమ్మేట్ అడిగింది. ఊరికే అన్నాను. నా ఒకటో తరగతి వాచకం ముందేసుకుని నువ్వూ నాతోపాటు అక్షరాలు దిద్దావని, రాయకపోతే చెయ్యి మర్చిపోతుందని మనం ఉత్తరాలు రాసుకుంటున్నామని ఆమెకి చెప్పాలంటే చాలా చెప్పాలి.

అసలు విషయం కుందేలు గురించి. నేను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో తీసేసిన కంప్యూటర్ మన ఇంట్లో బిగించి నువ్వు చిన్నప్పుడు ఆడిన ఆ కుందేలు ఆట పెట్టినప్పుడు నీ మొహం చూశాను. నా డిగ్రీ పట్టా చూసినప్పుడు కూడా నీ మొహం అంత వెలగలేదు. అయితే కుందేలుని పరిగెత్తిస్తూనే గెంతించడం కీబోర్డు మీద నీకు కుదరలేదు. అది నీ చేతకానితనం కాదు. ఆ ఆట పాతకాలపు టీవీ గేము మిషన్ కోసం చేసింది. నేను పెట్టిన ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం మన కంప్యూటర్ చేత ఆ మిషన్ వేషం వేయిస్తుంది, అంతే. చేతిలో పట్టుకునేది కూడా దానికి తగ్గట్టు ఉండాలి. దాన్నే కంట్రోలర్ అంటారు.

వాటిలో చాలా రకాలున్నాయి. కొన్ని పలకలా బల్లపరుపుగా ఉంటాయి, కొన్నిటికి పట్టుకోవడానికి రెండు కొమ్ములుంటాయి. నడిపించడానికి కొన్నిటికి ప్లస్ గుర్తు బటన్, కొన్నిటికి బొటనవేలితో తిప్పే పిడి. వైరు లేనివాటిలో నువ్వు నొక్కాక కుందేలు గెంతేసరికి రవ్వంత ఆలస్యమవుతుందట, ఆ రవ్వంతలో గుంటలో పడిపోవచ్చు. అందుకని వైరున్నదే తీసుకుంటాను. నువ్వు చిన్నప్పుడు పట్టుకున్నది ఎలా ఉండేదో రాయి.

నీ
కీర్తన


కొత్తపాలెం, వినుకొండ దగ్గర
9 ఫిబ్రవరి

నా తల్లి కీర్తనకి,

పిన్ని దీవెనలు. యేసయ్య దయ వల్ల ఇంటిల్లిపాదీ బాగున్నాం. నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. మధ్యలో బాబాయి వచ్చి, కోర్టు కాయితమా అంతసేపు చదువుతున్నావు అన్నాడు.

మిరపకాయలు కోతకొచ్చాయి. రోజూ తొడిమలు తీసే పనికి పోతున్నాం. ఈసారి కాయ బాగా ఘాటు.

నేను పట్టుకున్నది పలకలా ఉండేది. ఎడమపక్క ప్లస్ గుర్తు, కుడిపక్క రెండు ఎర్ర బటన్లు. నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. గుంటూరులో మిర్చి వ్యాపారి ఇంట్లో నన్ను పనికి పెట్టినప్పుడు వాళ్ళ పిల్లాణ్ణి ఆడించడం నా పని. టీవీకి తగిలించే మిషన్‌కి రెండు పలకలుండేవి. మొదటిది వాడిది. రెండోది నాది. నా కుందేలు ముందుకుపోతే వాడు ఏడ్చేవాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి "ఏమే, పసివాడితో పంతమా?" అనేది. అందుకని నా కుందేలుని నేనే గుంటలో పడేసేదాన్ని. పడేయడం నాకు బాగా వచ్చు. దాటించడమే రాదు.

ఇప్పుడు దాటించాలని ఉంది. చెప్పుకుంటే నవ్వుతారు. కూలికెళ్ళేదానికి గేములేంటే అంటారు. తలుపు దగ్గరకి వేసుకుని ఆడుతున్నాను. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

ఏది మంచిదో నీకే తెలుసు. నీకు నచ్చింది తీసుకో.

పిన్ని రెబ్కా


బ్రాడీపేట
16 ఫిబ్రవరి

పిన్నికి,

కంట్రోలర్ కొన్నాను. వారమంతా ఇదే పని. మా ఇన్‌స్టిట్యూట్‌లో హార్డ్‌వేర్ చెప్పే హయాత్ అనే అతన్ని అడిగితే, ఆడేవాళ్ళ చెయ్యి ఎలాంటిదో తెలియకుండా చెప్పలేనన్నాడు. ఎవరికని అడిగాడు. మా ఇంట్లోవాళ్ళకి అన్నాను.

నువ్వు చెప్పిన పలకలాంటిది కూడా చూశాను. మూలలు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. రోజంతా పని చేసి వచ్చిన చేతికి అదెందుకని కొమ్ములున్నది తీసుకున్నాను. ప్లస్ గుర్తూ ఉంది, రెండు పిడులూ ఉన్నాయి. మా వీధి చివర కంప్యూటర్ సామాన్లమ్మే గౌస్ బాషా గారి షాపులో కొన్నాను. నీ ఆటకి పిడులు అక్కర్లేదు, వాటి జోలికి పోకు. ఏ బటన్ నొక్కితే గెంతాలో నేను బాబాయి ఫోన్‌కి వీడియో పంపుతాను, అలాగే పెట్టుకో.

బాబాయి మిర్చి యార్డుకి లోడుతో వచ్చినప్పుడు ఇస్తాను. మంచిది దొరికిందని నాకు చాలా సంతోషంగా ఉంది పిన్నీ. నీకోసం నేను ఏరి తెచ్చిన మొదటి వస్తువు ఇదే.

కీర్తన


కొత్తపాలెం
27 ఫిబ్రవరి

తల్లీ,

నువ్వు పంపిన దాని కథ చెబుతాను విను. వైరు పెట్టగానే అది నా చేతిలో గుర్రుమని వణికింది. షాక్ కొట్టిందనుకుని మంచం మీదకి విసిరేశాను. బాబాయి చెప్పులేసుకుని వచ్చి కర్రతో ముట్టి చూశాడు. "ఒసేవ్, ఇది బతికే ఉంది" అన్నాడు. తర్వాత నీ వీడియో చూస్తే అది అలాగే వణుకుతుందని ఉంది. ఆ మాట ముందు రాయొద్దా?

కానీ తల్లీ, కుందేలు గుంటలన్నీ దాటి ఏరు కూడా దాటింది. ఏటి అవతల ఇసుక ఉంటుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. బాబాయిని లేపి చూపించాను. బాగుందిలే అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు చెప్పాలంటే భయంగా ఉంది. గెంతే బటన్ లోపలికి పోయి పైకి రావడంలేదు. ఎండలో పెట్టాను, గుడ్డతో తుడిచాను, రాలేదు. నేనే పాడుచేసి ఉంటాను. బాబాయికిచ్చి పంపిస్తున్నాను. షాపాయన్ని ఏమీ అనకు, బాగుచేస్తాడేమో మెల్లగా అడుగు.

మేస్త్రి మా ముఠాని గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమల పనికి తీసుకెళ్తానంటున్నాడు. వస్తే మీ ఇన్‌స్టిట్యూట్ చూస్తాను. నువ్వు బోర్డు దగ్గర నిలబడి చెబుతుంటే ఒకసారి చూడాలని ఉంది.

పిన్ని


బ్రాడీపేట
5 మార్చి

పిన్నికి,

కంట్రోలర్ షాపులో చూపించాను. లోపల దుమ్మూ జిడ్డూ చేరి బటన్ పట్టేసిందట. గౌస్ బాషా గారు శుభ్రం చేస్తానన్నారు కానీ మళ్ళీ అలాగే అవుతుందని కూడా అన్నారు. ఇకనుంచి ఆడే ముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కో. నలుగురి ముందు మాట పడాల్సి వచ్చింది.

గుంటూరు పనికి వస్తే ఇన్‌స్టిట్యూట్ దాకా రావద్దు. ఇప్పుడు క్లాసులు ఎక్కువ, నీతో మాట్లాడే తీరిక ఉండదు. నేనే కోల్డ్ స్టోరేజీ దగ్గరకి వస్తాను.

తలనొప్పిగా ఉంది. ఇంక ఉంటాను.

కీర్తన


గుంటూరు, కోల్డ్ స్టోరేజీ షెడ్డు నుంచి
17 మార్చి

కీర్తనకి,

పిన్ని రాస్తున్నాను. మేము వచ్చి వారమైంది. షెడ్డులో ఆడవాళ్ళందరం ఒకచోటే ఉంటున్నాం. తిండికి లోటులేదు.

చేతులు కడుక్కోమని రాశావు. కడుక్కునే ఆడాను తల్లీ. కారం సబ్బుకి పోదు. పని అయ్యాక మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుంటాం, నువ్వు చూసిందే. మీ అమ్మ పోయినప్పుడు నీకు అన్నం ముద్దలు చేసి పెట్టాలని ఎంతో ఉండేది నాకు. చేతికారం నీ నోటికి తగులుతుందని చెంచాతో పెట్టేదాన్ని. మర్చిపోయి ఉంటావు, చిన్నదానివి.

నిన్న ఆదివారం, ప్రార్థన అయ్యాక ఆటోలో బ్రాడీపేట వచ్చాను. ఇన్‌స్టిట్యూట్‌కి రాలేదు, నువ్వు వద్దన్నావు కదా. షాపు వెతుక్కుంటూ వెళ్ళాను. నావల్ల నువ్వు మాట పడ్డావు, ఆయనకి నేనే ఒక మాట చెబుదామని. వస్తువు నాసిది కాదండీ, నేనే పాడుచేశానండీ అన్నాను. ఆయన నా చేతులు చూసి, "కీర్తన మేడం గారింట్లో పనిచేసేది నువ్వేనామ్మా?" అన్నాడు.

అవునండీ అన్నాను.

ఆయన మంచివాడు. మెట్టు మీద కూర్చోమని టీ తెప్పించాడు. మేడం గారి తమ్ముడు ఆడతాడా అని అడిగితే దానికీ అవునన్నాను. "నీ చెయ్యి తగలకుండా ఎత్తులో పెట్టుకోమని అబ్బాయితో చెప్పు" అన్నాడు. అలాగేనండీ అన్నాను. బాగుచేసింది కాయితంలో చుట్టి ఇచ్చాడు. తెచ్చుకున్నాను.

నువ్వు కంగారుపడకు. నేను కాదంటే నీ మాట పోతుంది కదా. ఆ మాట పడటం నాకు కొత్త కూడా కాదు.

రెబ్కా


బ్రాడీపేట
21 మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి దాన్ని పుస్తకంలో పెట్టి, తీసి, మళ్ళీ పెడుతున్నాను. మొదట నేను అన్న మాట నీకు నా నోటితోనే చెప్పాలి. ఆయన నోటినుంచి విన్నావు, అది చాలదు.

ఆ రోజు షాపుకి కోపంగా వెళ్ళాను. కొన్న కొద్ది రోజులకే పాడయ్యే వస్తువులు అమ్ముతారా అని గట్టిగా అడిగాను. హయాత్, మా స్టూడెంట్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. గౌస్ బాషా గారు స్క్రూలు విప్పారు. మూత తీయగానే ఆయనకి తుమ్ములు. తర్వాత హయాత్‌కి. లోపలంతా ఎర్రగా నూనె జిడ్డు. ఎవరో తొడిమలు తీసే చేతుల్తో పట్టుకున్నారు మేడం అన్నారాయన. ఒక స్టూడెంట్ నవ్వి, "తొడిమలు తీసేవాళ్ళు కూడా గేములాడతారా సార్?" అన్నాడు. అందరూ నావైపు చూశారు. నా నోటినుంచి వచ్చిన మాట: "మా ఇంట్లో పనిచేసే ఆమె ముట్టుకుని ఉంటుంది."

నోరు జారిందని రాద్దామనుకున్నాను. జారలేదు పిన్నీ. ఆ మాటకి నేను చాలా కాలంగా చోటు చేసి పెట్టుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మీది వినుకొండ వైపా, మిరప తోటలుంటాయి కదా అని హయాత్ అడిగాడు. ఉంటాయన్నాను. మావి కావని అనలేదు. నువ్వు ఇన్‌స్టిట్యూట్ చూస్తానన్నప్పుడు కూడా నాకు తీరిక లేకపోవడం కాదు. నీకు ఆ జవాబు రాసిన రోజు క్లాసులు మధ్యాహ్నానికే అయిపోయాయి.

ఎవరి ఇంట్లోనో పిల్లాడి కోసం ఓడిపోయే పనికి నిన్ను పెట్టారని నువ్వు నాకు రాశావు. నాకు చెప్పిన నెల తిరగకుండానే నేను నిన్ను మళ్ళీ అదే ఇంట్లో పెట్టాను. ఈసారి ఇల్లు నాది.

నిన్న సాయంత్రం నిజం చెప్పాలని షాపుకి వెళ్ళాను. మూసి ఉంది. మూసి ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను. అది దాస్తే ఈ ఉత్తరం కూడా అబద్ధమవుతుంది. ఈ ఉదయం మాత్రం హయాత్‌కి చెప్పాను. మాకు తోటల్లేవు, ఆ కంట్రోలర్ మా పిన్నిది, తొడిమలు తీసే చేతులు ఆమెవే అని. అతను కంప్యూటర్ విప్పుకుంటూ, "సరే మేడం, ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇస్తారా" అన్నాడు. అంతే. దీనికోసమా నేను నిన్ను అంత మాటన్నాను అనిపించి బాత్రూమ్‌లోకి వెళ్ళి నిలబడ్డాను.

నువ్వు రా పిన్నీ. షాపులో నా పక్కన నిలబడి నీకు కావలసింది నువ్వే ఎంచుకో. ఆయనకి నువ్వెవరో నేను చెబుతాను.

కీర్తన


కోల్డ్ స్టోరేజీ షెడ్డు
26 మార్చి

కీర్తనకి,

నేను రాను. కోపంతో కాదు. ఆయన అడిగినప్పుడు అవునండీ అన్నది నేను. తమ్ముడున్నాడన్నది నేను. ఇప్పుడు వచ్చి నువ్వు కాదంటే, ఆయన ముందు నేను అబద్ధాలకోరుని అవుతాను. టీ తాగి మరీ అబద్ధమాడాననుకుంటాడు. ఈ వయసులో నాకెందుకు.

గేము కూడా ఇంక వద్దులే. తెచ్చిన దాన్ని ఇంటికి పంపించేశాను, కంప్యూటర్ మీద దుప్పటి కప్పమని బాబాయితో చెప్పాను. దాని మూలానే కదా ఇదంతా. నేను ఆడకపోతే నువ్వు కొనేదానివి కాదు, కొనకపోతే ఆ మాట అనాల్సి వచ్చేది కాదు. అక్షరాలు నేర్చుకున్నదానికి దేవుడికి స్తోత్రం చెప్పుకుని ఊరుకోవాల్సింది. ఆశ ఎక్కువైంది నాకు.

వేళకి తిను.

పిన్ని


బ్రాడీపేట
29 మార్చి

పిన్నీ,

ఆశ ఎక్కువైందని ఇంకెప్పుడూ రాయకు. ఆ మాట చదివాక నాకు అన్నం దిగలేదు. తప్పు చేసింది నేనైతే ఆట మానేసేది నువ్వా?

నిన్న షాపు తెరిచి ఉండగానే వెళ్ళాను. గౌస్ బాషా గారికి అంతా చెప్పాను. నువ్వు అవునన్నది నా పరువు కోసమని, ఆ అబద్ధం కూడా నాదేనని చెప్పాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టారు. తర్వాత ఆయన అన్నది నాలుగు ముక్కలే. "లోపల కుర్చీలున్నాయమ్మా. ఆవిడని మెట్టు మీద కూర్చోబెట్టాను." నిన్ను అబద్ధాలకోరు అనుకోలేదు పిన్నీ. ఆయన కూడా తల దించుకున్నారు. నేను మొదలుపెట్టిన సిగ్గు ఆయన దాకా పోయింది.

షాపులో ఉన్న రకాలన్నీ బల్ల మీద పెడతారట. ఎంచుకునేది నేను కాదు, నువ్వు. నీ చెయ్యి ఎలాంటిదో హయాత్ అడిగినప్పుడు నేను ఆలోచించలేదు. నువ్వు పలక గురించి చెప్పావు, నేను కొమ్ములది కొన్నాను. నీకు ఏం బాగుంటుందో నాకే తెలుసనుకున్నాను.

వచ్చే ఆదివారం, ఆరో తేదీన, ప్రార్థన అయ్యే వేళకి షెడ్డు గేటు దగ్గర ఉంటాను. నువ్వు రాకపోతే అక్కడే కాసేపు కూర్చుని వెనక్కి వస్తాను. బలవంతం చేయను.

కీర్తన


కొత్తపాలెం
14 ఏప్రిల్

నా తల్లి కీర్తనకి,

పిన్ని దీవెనలు. పని అయిపోయి శనివారం ఇంటికొచ్చాం. బాబాయి కంప్యూటర్ మీద నా కొత్త దుప్పటే కప్పాడు, దాని మీద పిల్లి పడుకుంది.

ఆ ఆదివారం నీతో షాపుకొచ్చి నేను ఎంచుకున్న పెట్టెలాంటి కంట్రోలర్ బాగుంది. బల్ల మీద పెట్టుకుంటే కదలదు. పిడిని గుప్పిట్లో పట్టుకోవచ్చు. బటన్లు బిళ్ళల్లా పెద్దవి కాబట్టి అరచేతి పక్కతో కొడితే చాలు, బొటనవేలికి పనిలేదు. తొడిమలు తీసే వేలు అదే కదా, సాయంత్రానికి దాన్ని దేనికీ ఆనించలేను. నువ్వు షాపులో మెత్తటి బటన్లున్న చిన్నది తీసుకోమని రెండుమూడుసార్లు అన్నావు. అంతలోనే గుర్తొచ్చి నోరు మూసుకున్నావు. చూశాను, నవ్వొచ్చింది. గౌస్ బాషా గారు దీనిమీద పరిచే ప్లాస్టిక్ కాయితం కూడా కత్తిరించి ఇచ్చారు. జిడ్డు లోపలికి పోవడంలేదు.

కుందేలు ఇసుక దాటి కొండల్లోకి పోయింది. అక్కడ గద్దలున్నాయి. రోజూ చస్తున్నాను.

ఒక మాట చెబుతాను, మనసులో పెట్టుకోకు. ఆ రోజు షాపులోకి అడుగుపెట్టగానే, "ఈమె మా పిన్ని, నన్ను పెంచింది ఈమే, తొడిమలు తీసే పని చేస్తుంది" అని అంత గట్టిగా చెప్పావు. షాపులో ఎవరో మౌస్ కొనుక్కుంటున్న అబ్బాయి కూడా తిరిగి చూశాడు. పాపం, అతనికేం సంబంధం? నాకు ఎక్కడ చూడాలో తెలియక గోడమీద వైర్లు చూస్తూ నిలబడ్డాను. మెట్టు మీద కూర్చున్న రోజు కూడా నాకు అంత సిగ్గేయలేదు. అప్పుడు నన్నెవరూ చూడలేదు.

నీ బరువు నువ్వు దించుకున్నావు, దించుకోవాల్సిందే. తప్పనడంలేదు. కానీ అది అయిపోయింది. రేపెప్పుడైనా నేను ఇన్‌స్టిట్యూట్‌కి వస్తాను, ఎవరని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు లేచి నిలబడకు, గొంతు పెంచకు, కళ్ళనీళ్ళు పెట్టుకోకు. మా పిన్ని అను. అని, నువ్వు చేస్తున్న పని చేసుకో.

మీ పిన్ని
రెబ్కా